ప్రాసెసర్ కొనే ముందు మీ ఫైలుతోనే పరీక్ష పెట్టండి

విశాఖలో ద్వారకానగర్ వైపు ఏ కంప్యూటర్ దుకాణం మెట్లెక్కినా మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "ఐ5 కావాలా, ఐ7 కావాలా?" రెండో ప్రశ్న, ఎంతలో కావాలని. మీరు దాని మీద ఏం పని చేస్తారన్నది మూడో ప్రశ్నగానైనా రాదు. దుకాణదారును తప్పు పట్టి లాభం లేదు. అడిగితే మనం చెప్పే జవాబు కూడా "ఎడిటింగ్‌కి", "ఆఫీసు పనికి" అన్నంత పలుచగానే ఉంటుంది. ఆ జవాబుతో ఎవరూ సరైన చిప్పు చెప్పలేరు. పెట్టె మీద ఉన్న పేరును, గిగాహెర్ట్జ్ అంకెను, ఇంటర్నెట్‌లో కనబడే మొత్తం స్కోరును కాసేపు పక్కన పెట్టి, మీ సాఫ్ట్‌వేరులో మీ ఫైలు ఎన్ని సెకన్లలో పూర్తవుతుందో చూసి ఎంచుకునే పద్ధతి ఇది. ఒక ఆదివారం కేటాయిస్తే చాలు.

1. ఎక్కడ ఎదురుచూస్తున్నారో రాసుకోండి

కాగితం తీసుకుని, పనిలో మీరు చేతులు కట్టుకుని తెర వైపు చూస్తూ కూర్చునే సందర్భాలు రాయండి. రెండు మూడు మించవు. "వీడియో ఎడిటింగ్" అని రాస్తే పనికిరాదు. "పెళ్లి వీడియో, సోనీ కెమెరా, 4కే, 10 బిట్ క్లిప్పులు, ప్రీమియర్ ప్రో టైమ్‌లైన్‌లో ఆగి ఆగి ఆడుతోంది" అని రాస్తే సగం పని అయిపోయినట్టే. "ఆటోక్యాడ్ స్లో" కాదు, "మొత్తం షెడ్డు డ్రాయింగు తెరిచి రీజెన్ (డ్రాయింగును మళ్లీ గీయించే ఆదేశం) కొడితే ఆలస్యం". "ఆండ్రాయిడ్ స్టూడియోలో పూర్తి బిల్డ్", "టాలీలో ఏడాది మొత్తం లెడ్జరు తీస్తే ఆలస్యం", "బ్లెండర్‌లో ఒక ఫ్రేము రెండర్". ఇంత వివరం ఉండాలి.

ఎదురుచూపే లేనివాళ్లు కొత్త ప్రాసెసర్ కొనక్కర్లేదు. డబ్బు దాచుకోండి. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసిందని, పాత యంత్రం విండోస్ 11కి ఒప్పుకోదని మార్చాల్సి వస్తే అది వేరే కారణం. ఇంటెల్‌లో దాదాపు 8వ తరం నుంచి, ఏఎమ్‌డీ రైజెన్‌లో 2000 వరుస నుంచి ఉన్న చిప్పులనే విండోస్ 11 అధికారికంగా అంగీకరిస్తుంది. అలాంటప్పుడు మామూలు ఆఫీసు పనికి ఇప్పటి మధ్యతరగతి చిప్పు ఏదైనా సరిపోతుంది, ఈ వ్యాసంలో మిగతాది మీకు అక్కర్లేదు.

2. అసలు ప్రాసెసరే దోషా?

మీరు రాసుకున్న పని మొదలుపెట్టి, అది నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ పేజీకి వెళ్లండి. ర్యామ్ నిండిపోయి డిస్కు అంకె 100 శాతం దగ్గర కొట్టుకుంటుంటే ప్రాసెసర్ జోలికి పోవద్దు, ర్యామ్ పెంచండి. ర్యామ్ ఖాళీగా ఉండి డిస్కు మాత్రమే నిండుగా ఉంటే, అందులోనూ అది పాత హార్డ్ డిస్కు అయితే, ఎస్‌ఎస్‌డీ వేయించండి. అకౌంట్ల ఆఫీసుల్లో "కంప్యూటర్ పాతబడిపోయింది" అనే ఫిర్యాదులు చాలావరకు ఈ రెండింటితోనే తీరిపోతాయి.

ప్రాసెసర్ అంకె దగ్గరే చాలామంది బోల్తాపడతారు. ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ యూనిట్. అక్కడి డ్రాఫ్ట్స్‌మన్ పెద్ద డ్రాయింగులో రీజెన్ కొడతాడు, కర్సర్ తిరుగుతూ ఉంటుంది. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం 10 శాతం దగ్గర ఉంటుంది. యజమాని వచ్చి చూసి "ప్రాసెసర్ తొంభై శాతం ఖాళీగానే ఉంది కదా, మరి ఎందుకు ఆగుతోంది?" అంటాడు. ఆ గ్రాఫు మీద మౌసుతో కుడి నొక్కు నొక్కి, లాజికల్ ప్రాసెసర్ల వారీగా చూపించమనండి. తెర 12 చిన్న గళ్లుగా చీలుతుంది. వాటిలో ఒకటి నిండుగా ఉంటుంది, మిగిలినవి నేలను అంటుకుని ఉంటాయి. 100ను 12తో భాగిస్తే 8.3. అంటే ఒక్క థ్రెడ్ (ఒకే వరుసలో సాగే పని) ఊపిరాడకుండా పని చేస్తుంటే మొత్తం లెక్కలో కనిపించేది 8 శాతమే. కొన్ని విండోస్ వెర్షన్లలో టాస్క్ మేనేజర్ టర్బో వేగాన్ని (చిప్పు తాత్కాలికంగా పెంచుకునే వేగాన్ని) కూడా లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి అంకె కాస్త పైకి, పదికో పన్నెండుకో పోవచ్చు. విండోస్ ఆ పనిని ఒక కోర్ (ప్రాసెసర్‌లో విడిగా పని చేయగల భాగం) నుంచి మరో కోర్‌కి మారుస్తూ ఉంటుంది కనుక నిండిన గడి ఒకచోట నిలవకుండా గెంతుతూ కూడా కనబడవచ్చు. రెండూ ఒకే సంగతి చెబుతున్నాయి: ఈ పని ఒక్క కోర్ మీదే నడుస్తోంది. ఆటోక్యాడ్ పనుల్లో అధిక భాగం ఇలాంటివే. ఈ యజమాని 16 కోర్ల చిప్పు కొంటే మరో 20 గళ్లు ఖాళీగా కనిపిస్తాయి తప్ప రీజెన్ త్వరపడదు. ఆయనకు కావలసింది ఒక్కో కోర్ బలంగా ఉన్న కొత్త తరం చిప్పు, ఆరు కోర్లది చాలు.

గళ్లన్నీ నిండిపోతే మీ పనిని కోర్లన్నీ పంచుకుంటున్నాయని అర్థం. బ్లెండర్ రెండర్ ప్రాసెసర్ మీద నడిపితే, పెద్ద ప్రాజెక్టు కోడ్‌ను కంపైల్ చేస్తే, అంటే నడిచే ప్రోగ్రాంగా మారిస్తే, 7-జిప్‌తో ఫోల్డర్ కుదిస్తే ఇలా కనబడుతుంది. గ్రాఫిక్స్ కార్డు అంకె నిండిపోయి ప్రాసెసర్ తీరిగ్గా ఉంటే కార్డు గురించి ఆలోచించాలి. ఆటలు ఆడేవాళ్ల దగ్గర ఎక్కువగా కనిపించేది ఇదే.

3. కోర్లు ఎన్ని దాకా కొనవచ్చో లెక్క వేయండి

జీన్ ఆమ్‌డాల్ 1967లో చెప్పిన లెక్క ఇప్పటికీ చెక్కుచెదరలేదు. పనిలో పంచుకోవడానికి వీల్లేని భాగం ఎంతుందో అదే వేగానికి హద్దు. పెళ్లివంటలో కూరలు తరగడానికి ఇరవై మందిని పెట్టినా తాలింపు వేసే చెయ్యి ఒకటే కదా. ఒక పనిలో 75 శాతం పంచుకోదగ్గది, 25 శాతం కానిది అనుకుందాం. ఎనిమిది కోర్లు పెడితే వేగం సుమారు 2.9 రెట్లు అవుతుంది. పదహారు పెడితే 3.4 రెట్లు. వెయ్యి పెట్టినా నాలుగు రెట్లు దాటదు. ఎనిమిది నుంచి పదహారుకు వెళ్లినందుకు చిప్పుకు, దాన్ని చల్లబరిచే కూలర్‌కు, మంచి మదర్‌బోర్డుకు పెట్టిన డబ్బంతా ఆ 2.9కీ 3.4కీ మధ్య తేడా కోసమే.

మీ పనిలో ఆ భాగం ఎంతో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ పేజీలో మీ ప్రోగ్రాం మీద కుడి నొక్కు నొక్కితే అఫినిటీ అని ఒక అవకాశం ఉంటుంది. అందులో సగం కోర్లకు టిక్కులు తీసేసి అదే పని మళ్లీ చేయండి. సమయం దాదాపు రెట్టింపయితే కోర్లు మీకు పనికొస్తున్నాయి. కొద్దిగా కూడా మారకపోతే ఉన్నవే ఎక్కువ. హైపర్‌థ్రెడింగ్ (ఒక్కో కోర్ రెండేసి థ్రెడ్లను నడిపే ఏర్పాటు) ఉన్న చిప్పులో వరుస గళ్లు రెండేసి ఒకే కోర్‌వి అవుతాయి కనుక జతలుగా తీసేయండి. పెద్ద కోర్లు, చిన్న కోర్లు కలిపి ఉన్న 12వ తరం నుంచి వచ్చిన ఇంటెల్ చిప్పుల మీద ఈ పరీక్ష గందరగోళంగా వస్తుంది, అక్కడ దీన్ని నమ్మవద్దు.

4. మీ సొంత కొలత తయారు చేసుకోండి

మీ నిత్య పనికి అచ్చం ప్రతినిధిగా ఉండే ఫైలు ఒకటి ఎంచుకోండి. మరీ చిన్నది వద్దు. మూడు సెకన్లలో అయిపోయే పనిలో మీ వేలి ఆలస్యమే పెద్ద తేడా అవుతుంది. ఒకటి రెండు నిమిషాలు పట్టేది ఒకటి, ఇరవై నిమిషాలు ఆగకుండా నడిచేది ఒకటి ఉండాలి. రెండోది ఎందుకో వేడి గురించి మాట్లాడుకునేటప్పుడు తెలుస్తుంది. ఆ ఫైలును, దానికి కావలసిన ఫాంట్లను, లింకులను అన్నిటినీ ఒక పెన్‌డ్రైవులో వేసుకోండి.

మిగతా ప్రోగ్రాములు మూసేయండి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టే కొలవండి, పవర్ మోడ్ ఏదో రాసుకోండి. ప్రతి పనినీ మూడేసి సార్లు చేసి మధ్యలో వచ్చిన అంకెను తీసుకోండి. మొదటిసారి ఫైలు డిస్కు నుంచి రావాలి, రెండోసారి ర్యామ్‌లోనే ఉంటుంది, అందుకే మొదటి కొలత తరచు ఎక్కువగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ వెర్షను రాసుకోవడం మరవద్దు. వెర్షను మారితే పోలిక చెల్లదు.

ఆ పెన్‌డ్రైవుతో మీరు కొనాలనుకుంటున్న చిప్పు ఉన్న యంత్రం దగ్గరికి వెళ్లడమే ఇక మిగిలింది. మధురవాడలో ఐటీ కంపెనీలో పనిచేసే మేనల్లుడిదో, ఎంవీపీ కాలనీలో స్టూడియో నడిపే స్నేహితుడిదో ఒక యంత్రం దొరకకపోదు. ఆఫీసు ల్యాప్‌టాపులలో బయటి పెన్‌డ్రైవు పెట్టనివ్వరు, ఆ ఇబ్బంది వాళ్లకు కలిగించవద్దు. దుకాణంలో డెమో యంత్రం ఉంటే ముందే ఫోను చేసి, పొద్దున్నే రద్దీ లేని వేళ వెళ్లండి. కొనేవాడు స్టాప్‌వాచ్‌తో వస్తే కొందరు నవ్వుతారు, కొందరు ఆసక్తిగా పక్కన కూర్చుంటారు. రెండో రకం వాళ్ల దగ్గరే కొనండి.

5. ఇతరుల కొలతలు చదివే తీరు

అన్ని చిప్పుల మీదా మీరే కొలవలేరు కాబట్టి ప్రచురితమైన ఫలితాలు కావాలి. ఫొటోషాప్, ప్రీమియర్ వంటివాటికి ప్యూజెట్ సిస్టమ్స్ వారి పరీక్షలు, లినక్స్ మీద కంపైల్ పనులకు ఫొరోనిక్స్, బ్లెండర్‌కు బ్లెండర్ సంస్థే నడిపే ఓపెన్ డేటా పట్టికలు ఉన్నాయి. మీ సాఫ్ట్‌వేర్ పేరున్న వరుసనే చదవండి, అన్నిటినీ కలిపిన సగటును వదిలేయండి. మీరు ఎన్నడూ చేయని పది పనుల సగటు మీకు ఎందుకు?

సినీబెంచ్ అంకె కొలిచేది సినిమా 4డీ తరహా రెండరింగును మాత్రమే. ఆటోక్యాడ్ పనివాడికి దాని అన్ని కోర్ల స్కోరుతో నిమిత్తం లేదు, సింగిల్ కోర్ స్కోరు కొంతవరకు ఉపయోగపడుతుంది. గీక్‌బెంచ్ చిన్న చిన్న పరీక్షల మధ్య విరామం ఇస్తూ సాగుతుంది కనుక పలుచని ల్యాప్‌టాప్ అరగంట తర్వాత ఎలా చతికిలబడుతుందో అందులో కనబడదు. ఆటల పరీక్షలు సాధారణంగా అత్యంత ఖరీదైన గ్రాఫిక్స్ కార్డుతో, 1080పీలో చేస్తారు. ప్రాసెసర్ల మధ్య తేడా బయటపడాలంటే అలాగే చేయాలి. మీ మధ్యరకం కార్డు మీద ఆ తేడా చాలావరకు మాయమవుతుంది.

అందరూ గౌరవించే కొలతలలోనూ తిరకాసులుంటాయి. స్పెక్ అనే సంస్థ 1988 నుంచి పరిశ్రమకంతటికీ ప్రామాణిక పరీక్షలు తయారుచేస్తోంది. 2024లో అదే సంస్థ 2,600కు పైగా ఇంటెల్ ఫలితాల మీద అభ్యంతరం గుర్తు పెట్టింది. ఒక పరీక్షకు ప్రత్యేకంగా లాభించే మెరుగు ఇంటెల్ కంపైలర్‌లో ఉందన్నది కారణం. మీ పెన్‌డ్రైవులోని ఫైలు కోసం ఏ కంపెనీ కంపైలర్ రాయదు.

శాతాల దగ్గర ఒక జాగ్రత్త. స్కోరు 25 శాతం ఎక్కువంటే సమయం 25 శాతం తగ్గదు. 100 సెకన్ల పని 80 సెకన్లలో అవుతుంది, అంటే 20 శాతమే తగ్గింది. రోజుకు అరగంట ఎదురుచూసేవారికి మిగిలేది ఆరు నిమిషాలు. ఆ ఆరు నిమిషాలకు ఎంత పెట్టవచ్చో మీ పని విలువను బట్టి మీరే తేల్చుకోవాలి.

6. పేరులోని చివరి అక్షరం దాకా చదవండి

ఐ7 అంటే ఐ5 కన్నా మేలు అనే నమ్మకం ల్యాప్‌టాపులలో నిలవదు. ఐ7-1355యు చిప్పులో పెద్ద కోర్లు రెండు, చిన్నవి ఎనిమిది, మూల విద్యుత్తు 15 వాట్లు. ఐ5-13500హెచ్‌లో పెద్దవి నాలుగు, చిన్నవి ఎనిమిది, 45 వాట్లు. ఎక్సెల్, బ్రౌజర్ వంటి చిట్టిపొట్టి పనుల్లో ఐ7 యు ఏమీ తీసిపోదు, బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది. గంటసేపు ఎక్స్‌పోర్ట్ పెడితే మాత్రం ఐ5 హెచ్ దాన్ని వెనక్కి నెట్టేస్తుంది.

ఏఎమ్‌డీ వైపు రైజెన్ 5 7520యు చూడండి. పేరులో 7 ఉంది, 2022లో వచ్చింది. లోపల ఉన్నది మాత్రం 2019లో మొదలైన జెన్ 2 నిర్మాణం, కోర్లు నాలుగు. 7000 వరుస ల్యాప్‌టాప్ చిప్పులలో మూడో అంకె అసలు తరాన్ని చెబుతుంది: 7520లో 2, 7530లో 3, 7540లో 4. పక్కపక్కన పెట్టిన మూడు ల్యాప్‌టాపుల ధరల్లో తేడాకు కారణం తరచు ఈ ఒక్క అంకెలోనే ఉంటుంది.

డెస్క్‌టాప్ చిప్పులలో రైజెన్ 5 5600, 5600జీ జంట ఉంది. రెండింటికీ ఆరు కోర్లు, 12 థ్రెడ్లు, ఒకే జెన్ 3, గరిష్ఠ వేగం రెండింటికీ 4.4 గిగాహెర్ట్జ్. మూల వేగం చూస్తే 5600జీదే ఎక్కువ కూడా. అయినా మంచి గ్రాఫిక్స్ కార్డు పెట్టి ఆటలు ఆడితే 5600 ముందుంటుంది. దాని మూడో స్థాయి క్యాష్ (చిప్పులోనే ఉండే వేగవంతమైన చిన్న మెమరీ) 32 ఎంబీ, 5600జీది 16. జీ రకంలో లోపలే గ్రాఫిక్స్ ఉంటుంది కాబట్టి కార్డు లేకుండా నడిచే ఆఫీసు యంత్రానికి అది సరైనది. ఇదే కథ 5800ఎక్స్3డీ విషయంలో మరీ స్పష్టం. 96 ఎంబీ క్యాష్ వల్ల ఆటల్లో తన అన్న 5800ఎక్స్‌ను దాటేస్తుంది, వేగం తక్కువ కావడం వల్ల రెండరింగులో దాని వెనకబడుతుంది. ఏది గొప్ప చిప్పు అన్న ప్రశ్నకు జవాబే లేదు, ఏ పనికి అన్నది తోడవ్వాలి.

పెళ్లి వీడియోల వాళ్లకు ఇంటెల్ ఎఫ్ అక్షరం చేసే నష్టం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. గాజువాకలోనో అక్కయ్యపాలెంలోనో ఒక స్టూడియో తీసుకోండి. కెమెరాలో 4:2:2 10 బిట్ (రంగుల వివరం ఎక్కువగా దాచే పద్ధతి) పెట్టి తీస్తారు, రంగులు దిద్దడానికి బాగుంటుందని. ఇంటికొచ్చి టైమ్‌లైన్‌లో వేస్తే వీడియో నత్తనడక. గ్రాఫిక్స్ కార్డు ఉంది కదా అని ఐ5-12400ఎఫ్ కొని ఉంటారు, ఎఫ్ లేనిదానికన్నా కొంచెం చవక. ఆ ఎఫ్ అంటే లోపలి గ్రాఫిక్స్ లేదని. లేకపోతే ఏమవుతుందంటే, ఇంటెల్ చిప్పులలోని క్విక్ సింక్ భాగం హెచ్.265 4:2:2 10 బిట్ వీడియోను తేలిగ్గా విప్పి ఆడిస్తుంది, ఎన్‌విడియా కార్డులకు ఆ విద్య ఆర్‌టీఎక్స్ 50 వరుస వచ్చేదాకా లేదు. దాంతో ఆ భారమంతా కోర్ల మీద పడుతుంది. నిర్ధారించుకోవడం సులువు. క్లిప్పు ఆడిస్తూ టాస్క్ మేనేజర్‌లో జీపీయూ పేజీలో వీడియో డీకోడ్ గ్రాఫు చూడండి. ప్రాసెసర్ గళ్లన్నీ నిండి, ఆ గ్రాఫు మాత్రం సున్నా దగ్గర పడుకుని ఉంటే కారణం దొరికినట్టే.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. సోనీ కెమెరాల్లో ఎక్స్‌ఏవీసీ హెచ్ఎస్ అంటే హెచ్.265, ఎక్స్‌ఏవీసీ ఎస్ అంటే హెచ్.264. ఇంటెల్ 12, 13, 14 తరాల చిప్పులు మొదటి రకం 4:2:2ను విప్పుతాయి గాని రెండో రకాన్ని విప్పలేవు. కాబట్టి ఎఫ్ లేని చిప్పు ఉన్నవారు కెమెరా మెనూలో హెచ్ఎస్ ఎంచుకుంటే రూపాయి ఖర్చు లేకుండా టైమ్‌లైన్ పరిగెడుతుంది. ఇలాంటిది ఏ మొత్తం స్కోరులోనూ కనిపించదు.

7. విశాఖ ఉక్క, యూపీఎస్

సమీక్షకులు ఏసీ గదిలో పరీక్షిస్తారు. మీరు మే నెలలో ఫ్యాను కింద పనిచేస్తారు. గది వేడి పది డిగ్రీలు ఎక్కువుంటే లోపల చిప్పు వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. ఇంటెల్ చిప్పులు చాలావరకు 100 డిగ్రీల దగ్గర, రైజెన్ 7000 డెస్క్‌టాప్ చిప్పులలో ఎక్కువభాగం 95 దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. ఇరవై నిమిషాల పరీక్ష ఇందుకే. మొదటి రెండు నిమిషాల వేగం చివరి రెండు నిమిషాల్లో కూడా ఉందా చూడండి. హెచ్‌డబ్ల్యుఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో వేడి, గిగాహెర్ట్జ్ రెండూ కనిపిస్తాయి. సముద్రం వైపు కిటికీలు తెరిచి ఉంచే ఇళ్లలో ఉప్పుగాలికి లోహపు భాగాలు తుప్పుపడతాయి, దుమ్ము చెమ్మతో కలిసి రేకుల మధ్య గట్టిపడుతుంది. కూలర్ శుభ్రం చేయడం వాయిదా వేయవద్దు.

చిప్పు పక్కన రాసే 65 వాట్లను నమ్మి కూలర్ కొనకండి. ఐ5-12400కు మూల విద్యుత్తు 65 వాట్లు, గరిష్ఠం 117. ఐ7-13700కు కూడా మూలం 65 వాట్లే, గరిష్ఠం 219. ఐ9-14900కే అయితే 253 దాకా పోతుంది. ఇళ్లలో ఎక్కువగా ఉండే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లు. ఆ చిప్పుకు గ్రాఫిక్స్ కార్డు కూడా తోడైతే, రెండర్ మధ్యలో కరెంటు పోయినప్పుడు యూపీఎస్ కూడా దానితోనే పోతుంది. నెలబిల్లు లెక్క సులభం: 100 వాట్లు అదనంగా, రోజుకు ఐదు గంటలు, 25 రోజులు అంటే నెలకు పన్నెండున్నర యూనిట్లు.

8. కొనే రోజు

చిప్పు ధరను విడిగా పోల్చవద్దు. రైజెన్ కొత్త చిప్పులు కూర్చునే ఏఎమ్5 బోర్డులకు డీడీఆర్5 ర్యామ్ తప్పనిసరి, పాత రైజెన్ల ఏఎమ్4కి పాత డీడీఆర్4 సరిపోతుంది, ఇంటెల్ 12 నుంచి 14 తరాలకు బోర్డును బట్టి ఏదో ఒకటి. చిప్పు, బోర్డు, ర్యామ్, కూలర్ కలిపిన మొత్తాన్ని మీ ఫైలు తీసుకున్న సెకన్ల పక్కన రాసి చూడండి. ర్యామ్ ఒకే కడ్డీగా కాకుండా రెండుగా వేయించుకోండి, లోపలి గ్రాఫిక్స్ మీద ఆధారపడేవారికి ఆ ఒక్కటే కళ్లకు కనబడే తేడా తెస్తుంది.

సెకండ్‌హ్యాండ్‌లో ఇంటెల్ 13, 14 తరాల పెద్ద డెస్క్‌టాప్ చిప్పులు చవకగా దొరికితే ఆగి ఆలోచించండి. ఎక్కువ వోల్టేజీ వల్ల వాటిలో కొన్ని అస్థిరంగా మారాయి. ఇంటెల్ 2024లో సవరణ ఇచ్చింది, పెట్టెలో అమ్మిన వాటికి వారంటీ మరో రెండేళ్లు పొడిగించింది. అప్పటికే పాడైన చిప్పును ఆ సవరణ బాగు చేయదు. బిల్లు లేనిదాన్ని తీసుకోవద్దు, తీసుకున్నదానికి బయాస్ (మదర్‌బోర్డు మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ మొదటి పని.

బిల్లు మీద ప్రాసెసర్ పేరు "ఐ5" అని కాకుండా పూర్తి అంకెతో, చివరి అక్షరంతో రాయించుకోండి. ఇంటికి రాగానే టాస్క్ మేనేజర్‌లో పేరు సరిపోల్చి, పెన్‌డ్రైవులోని రెండు ఫైళ్లనూ నడపండి. దుకాణం మార్పిడికి ఒప్పుకునే గడువు లోపలే ఈ పని అయిపోవాలి. స్నేహితుడి యంత్రంలో వచ్చిన సమయానికి పదిశాతం పైన తేడా ఉంటే ముందు ర్యామ్ రెండు ఛానళ్లలో నడుస్తోందా, పవర్ మోడ్ ఏమిటి, కూలర్ సరిగ్గా కూర్చుందా చూసి, అప్పటికీ తేడా పోకపోతే కొలతల కాగితంతో దుకాణానికి వెళ్లండి.